ప్రజారోగ్యంలోకి కొత్త తరాన్ని రప్పించడం ఎలా: హైదరాబాద్ కాలేజీలకు ఎనిమిది శనివారాల ప్రణాళిక

డాక్టరు ఏం చేస్తాడో మూడేళ్ల పిల్లకు కూడా తెలుసు. ఎపిడెమియాలజిస్టు ఏం చేస్తాడో డిగ్రీ పూర్తిచేసిన వాళ్లలో చాలామందికి తెలియదు. జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తోందో లెక్కగట్టి కనిపెట్టడం అతని పని. తెలియకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. రాకుండా ఆగిపోయిన డెంగీ ఎవరికీ కనిపించదు. శుభ్రంగా వచ్చిన నల్లా నీళ్లు పేపర్లో వార్త కావు. కళ్లబడని పనిని జీవితాంతం చెయ్యమంటే ఎవరు ముందుకొస్తారు?

అందుకే కెరీర్ గైడెన్స్ పేరుతో సెమినార్ హాల్లో గంటన్నర ఉపన్యాసం పెట్టి, చివర్లో సర్టిఫికెట్లు పంచితే ఈ రంగంలోకి ఎవరూ రారు. ముందు పని చేతికివ్వాలి. చిన్న పనైనా అసలైనదై ఉండాలి, మొదలూ చివరా ఉండాలి, చివర్లో దాని ఫలితం ఎవరికో ఒకరికి ఉపయోగపడాలి. ఆ రుచి తగిలిన తర్వాతే కోర్సులు, ఉద్యోగాలు, జీతాల మాట ఎత్తాలి. కింద ఇచ్చిన ప్రణాళిక ఆ వరసలోనే ఉంది. ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసర్లు, మెడికల్ కాలేజీల కమ్యూనిటీ మెడిసిన్ విభాగాల వాళ్లు, జువాలజీ, స్టాటిస్టిక్స్, మైక్రోబయాలజీ లెక్చరర్లు, బస్తీల్లో పనిచేసే సంస్థలు ఎవరైనా దీన్ని నడపొచ్చు.

ఎవరిని పిలవాలి

ఇరవై మంది చాలు. నలుగురు చొప్పున ఐదు జట్లవుతాయి. అంతకు మించితే ఫీల్డులో మీ కన్ను చేరదు, పదిమందికి తగ్గితే లెక్క వెయ్యడానికి సరిపడా ఇళ్లు తిరగలేరు.

అందరూ ఒకే కోర్సు వాళ్లు కాకుండా చూడండి. ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు నలుగురికి మించొద్దు. వాళ్లు ఎక్కువైతే మిగతా వాళ్లు ‘ఇది డాక్టర్ల వ్యవహారం’ అనుకుని రెండో వారానికే నోరు మెదపరు. నిజానికి ఈ పనికి లెక్కలు తెలిసినవాళ్లు, దోమను గుర్తుపట్టేవాళ్లు, పైపులైన్ అర్థమయ్యేవాళ్లు, జనంతో మాట్లాడగలిగేవాళ్లు అందరూ కావాలి. హైదరాబాద్‌కున్న వసతి ఏమిటంటే వీళ్లంతా సిటీ బస్సు దూరంలోనే ఉన్నారు: ఉస్మానియా, గాంధీ మెడికల్ కాలేజీలు, జె.ఎన్.టి.యు. సివిల్ ఇంజనీర్లు, సైఫాబాద్ కమ్యూనిటీ సైన్స్ (ఇదివరకటి హోంసైన్స్) కాలేజీ పోషకాహార విద్యార్థులు, రాజేంద్రనగర్ వెటర్నరీ విద్యార్థులు, ఉస్మానియాలో స్టాటిస్టిక్స్, జాగ్రఫీ, సోషల్ వర్క్ చదివేవాళ్లు. కనీసం నలుగురికి ఉర్దూ ధారాళంగా రావాలి. ఆ నలుగురు లేకపోతే నగరంలో సగం బస్తీల్లో మీ సర్వే గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

డిగ్రీలో రెండో ఏడాది వాళ్లు బాగా కుదురుతారు. మొదటి ఏడాది వాళ్ల అడ్మిషన్లు దోస్త్ (ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాలు) విడతలు దాటుకుని తేలేసరికి ఆలస్యమవుతుంది. చివరి ఏడాది వాళ్ల ధ్యాసంతా పీజీ ఎంట్రన్స్ మీద, ప్లేస్‌మెంట్ల మీద ఉంటుంది.

నోటీసు బోర్డు మీద ‘ప్రజారోగ్యంలో ఉజ్జ్వల అవకాశాలు’ అని రాయకండి. దాన్ని చదివేవాళ్లు ఉండరు. ఇలా రాయండి: ‘మన కాలేజీ వెనక గల్లీలో 50 ఇళ్లున్నాయి. డెంగీ దోమ ఎక్కడ పుడుతోందో కనిపెట్టడానికి 20 మంది కావాలి. 8 శనివారాలు, పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 2 వరకు. బస్సు చార్జీ, టిఫిన్ మేమిస్తాం. ఏ కోర్సు వాళ్లయినా రావచ్చు.’ బస్సు చార్జీ మాట తప్పకుండా ఉండాలి. ఇబ్రహీంపట్నం నుంచో ఘట్‌కేసర్ నుంచో వచ్చే పిల్లలకు సెలవు రోజు ప్రయాణ ఖర్చు పెద్ద మాటే, పైకి మాత్రం చెప్పరు.

దరఖాస్తులో మార్కులు అడగొద్దు. రెండు ప్రశ్నలు చాలు: మీ ఇంటి చుట్టుపక్కల జనాన్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టే ఆరోగ్య సమస్య ఏది? దానికి కారణం ఏమై ఉంటుందని మీ అనుమానం? సొంతంగా గమనించి రాసినవాడు ఎవడో, గూగుల్ నుంచి దింపినవాడు ఎవడో నాలుగు వాక్యాల్లో తెలిసిపోతుంది.

తేదీలు, అనుమతులు

జులై చివరి శనివారం మొదలుపెడితే వానలు, దోమలు, జ్వరాలు అన్నీ కలిసొస్తాయి. హైదరాబాద్ పండగల క్యాలెండర్ ముందు పెట్టుకోకుండా తేదీలు వెయ్యొద్దు. ఆషాఢంలో గోల్కొండ, లష్కర్, లాల్‌దర్వాజ బోనాల వారాల్లో ఆ ప్రాంతాల్లో ఇళ్ల దగ్గర మీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. గణేశ్ మండపాలు వెలిశాక గల్లీలు మూసుకుపోతాయి. బతుకమ్మ, దసరా సెలవులు మొదలైతే విద్యార్థులు ఊళ్లకు పోతారు. సర్వే చేసే మూడు వారాలూ వరసగా, ఏ పండగా అడ్డురాకుండా ఉండేలా చూసుకోండి. మిగతా వారాలు అటూ ఇటూ జరిగినా ఫర్వాలేదు.

నెల ముందే మూడు ఉత్తరాలు ఇవ్వాలి. ఒకటి ప్రిన్సిపల్‌కు, ఒకటి ఆ ప్రాంతపు అర్బన్ హెల్త్ సెంటర్ మెడికల్ ఆఫీసర్‌కు, ఒకటి మున్సిపల్ సర్కిల్ ఆఫీసులో దోమల నివారణ చూసే ఎంటమాలజీ విభాగానికి. మూడింట్లో రెండోదే ముఖ్యం. మెడికల్ ఆఫీసర్ ఒప్పుకుంటే ఆశా కార్యకర్తను వెంట పంపిస్తారు. ఆశా వెంట ఉంటే తలుపు తెరుచుకుంటుంది, లేకపోతే మిమ్మల్ని చీటీల కంపెనీ వాళ్లనుకుంటారు. ఆమె సమయం తీసుకుంటున్నాం కాబట్టి ఆ రోజు ఆమె వెళ్లాల్సిన ఇళ్లు ఏవో అడిగి మీ దారిని దానికి కలపండి.

సర్వే ఫలితాలను వ్యాసంగా ప్రచురించే ఆలోచన ఏమాత్రం ఉన్నా, మొదటి ఇంటికి వెళ్లకముందే కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి. తర్వాత అడిగితే ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఎన్.ఎస్.ఎస్. కింద వలంటీరు ఏడాదికి 120 గంటలు పనిచెయ్యాలి. ఎనిమిది శనివారాలు, రోజుకు ఐదు గంటల చొప్పున 40 గంటలు అందులో జమ చెయ్యొచ్చు. ఈ సంగతి మొదటి రోజే చెప్పండి, హాజరు నిలబడుతుంది.

మొదటి శనివారం: విందు భోజనం కేసు

పరిచయ ఉపన్యాసం పెట్టకండి. వచ్చీ రాగానే ఒక చిక్కుముడి చేతిలో పెట్టండి.

నూరు చీటీలు ముందుగా తయారుచేసుకోండి. ఒక్కో చీటీ నిశ్చితార్థం విందుకు వచ్చిన ఒక్కో అతిథి. చీటీ మీద వయసు, ఏమేం తిన్నారు, ఒంట్లో బాగుందా లేదా, బాగాలేకపోతే ఎన్నింటికి మొదలైంది అని రాయండి. రాత్రి 9 గంటలకు భోజనం. 40 మందికి రాత్రి 11 నుంచి 3 గంటల లోపు వాంతులు. జ్వరం ఎవరికీ పెద్దగా లేదు. ఇవన్నీ కల్పించిన లెక్కలేనని విద్యార్థులకు చెప్పండి, పద్ధతి మాత్రం అచ్చంగా ఫీల్డులో వాడేదే.

ముందు జబ్బుపడ్డ 40 చీటీలే ఇవ్వండి. లెక్కపెడితే 33 మంది బిర్యానీ తిన్నారని తేలుతుంది, అంటే 82 శాతం పైనే. మాంసం కదా, క్లాసంతా ‘బిర్యానీయే’ అంటుంది. అననివ్వండి, బోర్డు మీద కూడా రాయండి. అప్పుడు బాగున్నవాళ్ల 60 చీటీలు ఇవ్వండి. వాళ్లలోనూ 47 మంది, అంటే 78 శాతం, బిర్యానీ తిన్నారు. ఆ క్షణంలో గది నిశ్శబ్దమవుతుంది. జబ్బుపడ్డవాళ్లను మాత్రమే చూస్తే ఏమీ తెలియదని, పడనివాళ్లతో పోల్చాలని వాళ్లంతట వాళ్లే కనుక్కున్నారు. ఎపిడెమియాలజీకి ఆయువుపట్టు ఇదే. దీన్ని మీరు నోటితో చెప్పేస్తే ఆ వారం వృథా.

తర్వాత ఒక్కో వంటకానికి పట్టిక గీయించండి. బిర్యానీ తిన్నవాళ్లు 80, వాళ్లలో జబ్బుపడ్డది 33, అంటే 41 శాతం. తిననివాళ్లు 20, జబ్బుపడ్డది 7, అంటే 35 శాతం. ఈ రెండు శాతాల నిష్పత్తి 1.2 దగ్గర. పెరుగు చట్నీ వేసుకున్నవాళ్లు 70, జబ్బుపడ్డది 28. వేసుకోనివాళ్లు 30, జబ్బుపడ్డది 12. రెండు వైపులా 40 శాతమే, నిష్పత్తి 1. డబుల్ కా మీఠా తిన్నవాళ్లు 60, జబ్బుపడ్డది 36, అంటే 60 శాతం. తిననివాళ్లు 40, జబ్బుపడ్డది 4, అంటే 10 శాతం. నిష్పత్తి 6. దొంగ దొరికింది.

ఇక్కడితో ఆపకండి. అసలు చర్చ ఇప్పుడే మొదలవుతుంది. డబుల్ కా మీఠా తినని నలుగురికి ఎందుకొచ్చింది? మరిచిపోయి ఉండొచ్చు, అదే గరిటెతో ఇంకేదైనా వడ్డించి ఉండొచ్చు, పక్కవాళ్ల ప్లేట్లో ఒక ముక్క రుచి చూసి ఉండొచ్చు, లేదా ఆ వాంతులకు విందుతో సంబంధమే లేకపోవచ్చు. తిన్న రెండు నుంచి ఆరు గంటల్లో వాంతులు, జ్వరం లేదు అంటే ఏ క్రిమి మీద అనుమానం? మైక్రోబయాలజీ విద్యార్థి స్టఫైలోకాకస్ అంటుంది. పాలు, మలాయి చేరిన తీపి పదార్థం చాలాసేపు బయట ఉంటే అది పెరిగి విషం వదులుతుంది. ఆ విషం వేడికి చావదు కాబట్టి మళ్లీ మరిగించినా లాభం లేదు. ఎక్కడి నుంచి వచ్చింది? వంటవాళ్లలో ఎవరి చేతి మీదైనా చీముపట్టిన పుండు ఉందేమో చూడాలి. మిగిలిన పదార్థం ఏం చెయ్యాలి? పారబొయ్యకుండా శుభ్రమైన డబ్బాలో, ఐస్ మీద ల్యాబుకు పంపాలి.

సాధారణంగా జరిగే పొరపాటు: ‘జబ్బు’ అంటే ఏమిటో ముందే తేల్చుకోకపోవడం. ‘విందుకు హాజరై, 24 గంటల్లోపు ఒక్కసారైనా వాంతి లేదా మూడుసార్లు విరేచనాలు అయినవాళ్లు’ అని రాసుకున్నాకే లెక్క మొదలుపెట్టాలి. కడుపులో తిప్పిందన్న ప్రతివాళ్లనూ కలిపేస్తే లెక్క పలచబడి నిష్పత్తి పడిపోతుంది.

రెండో శనివారం: నగరంలో నడక

ఈ ఊరికి ప్రజారోగ్యంలో పెద్ద చరిత్రే ఉంది, కుర్రవాళ్లకు తెలియదు. బేగంపేటలోని రోనాల్డ్ రాస్ భవనానికి తీసుకెళ్లండి. 1897 ఆగస్టు 20న అక్కడే రాస్, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమను కోసి, దాని పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. రాస్ పేరు అందరూ చెబుతారు, దోమల చేత కుట్టించుకున్న హుసేన్ ఖాన్ పేరు కూడా చెప్పండి. పరిశోధనలో జనం పాత్ర, వాళ్ల అనుమతి, వాళ్లకిచ్చిన డబ్బు గురించి చర్చ అక్కడే పుడుతుంది. ముందుగా ఉస్మానియా యూనివర్సిటీకి ఉత్తరం రాసుకుని వెళ్లండి.

అక్కడికి కుదరకపోతే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చింది. పిల్లలకు ఆరు నెలలకోసారి వేసే విటమిన్-ఎ మోతాదు వెనక ఇక్కడి పరిశోధన ఉంది.

బస్సులో వెళ్తూ రెండు సంగతులు చెప్పండి. 1908 మూసీ వరద వేల ప్రాణాలు తీశాకే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఒకే కట్టడంతో వరదా ఆగింది, మంచినీళ్లూ వచ్చాయి. సివిల్ ఇంజనీరింగ్ పిల్లలకు ఇది బాగా ఎక్కుతుంది. రెండోది 2016 నాటిది. నగర మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన టైప్-2 పోలియో వైరస్ బయటపడింది. ఒక బిడ్డ కాలు పడిపోయేదాకా ఆగలేదు. ఆ జూన్‌లోనే హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు 3 లక్షల మంది పసిపిల్లలకు ఇంజెక్షన్ పోలియో టీకాను ఐదో వంతు మోతాదులో, అంటే 0.1 మిల్లీలీటరు, చర్మంలోకి వేశారు. నాలాలో నీళ్లు పట్టినవాళ్లు, ల్యాబులో చూసినవాళ్లు, టీకా లెక్కలు వేసినవాళ్లు, ఇల్లిల్లూ తిరిగినవాళ్లు అందరూ ప్రజారోగ్య ఉద్యోగులే. ‘ఇందులో నేను ఏ పని చెయ్యగలను?’ అని ప్రతివాళ్లనూ ఒక కాగితం మీద రాయమనండి. ఆ కాగితాలు దాచండి, ఎనిమిదో వారం కావాలి.

మూడు, నాలుగు, ఐదు: గల్లీలో పని

ఒక్కో జట్టుకు పది ఇళ్లు. సంచిలో టార్చి, తెల్ల ప్లాస్టిక్ గిన్నె, డ్రాపరు, మూతలున్న చిన్న సీసాలు నాలుగు, 10 రెట్లు పెద్దగా చూపే లెన్సు, అట్ట, పెన్సిలు, ఫారాలు. తెల్ల గిన్నె ఎందుకంటే లార్వా (నీళ్లలో పెరిగే దోమ పిల్లపురుగు) నల్లగా కదులుతూ కనిపించాలి. నలుగురిలో ఒకరు మాట్లాడాలి, ఒకరు టార్చి, డ్రాపరు పట్టాలి, ఒకరు నీళ్లున్న పాత్రలు లెక్కపెట్టాలి, ఒకరు రాయాలి. వారం వారం పనులు మార్చుకోవాలి. సిగ్గరి పిల్ల మూడో వారం తలుపు కొట్టి మాట్లాడిందంటే మీ కార్యక్రమం సగం గెలిచినట్టు.

గుమ్మం దగ్గర మాట చిన్నగా ఉండాలి: ‘అమ్మా, మేం పక్క కాలేజీ పిల్లలం. డెంగీ దోమ ఎక్కడ పుడుతుందో చూస్తున్నం. మీ డ్రమ్ములు, కూలర్ ఒకసారి చూడొచ్చా? పేర్లు, ఫోన్ నంబర్లు ఏం రాసుకోం.’ ఉర్దూ మాట్లాడే ఇంట్లో ఖాలా అనో ఆపా అనో పిలిచి అదే మాట. వద్దంటే దండం పెట్టి వచ్చెయ్యాలి. ఇంట్లో చిన్నపిల్లలే ఉంటే లోపలికి వెళ్లకూడదు. పైకప్పు ట్యాంకు ఎక్కకూడదు, ఎవరెంత ఉత్సాహపడినా సరే. ఆధార్ మాటే వద్దు. ఫారం మీద ఇంటి కోడ్ ఒక్కటే.

డెంగీని మోసే ఏడిస్ దోమ మంచినీళ్లలో, ఇళ్లలోనూ ఇళ్ల చుట్టూ పెరుగుతుంది. మూతలేని డ్రమ్ములు, సంపు, కూలర్ అడుగు, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింది పళ్లెం, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, పక్షులకు పెట్టిన మట్టి మూకుడు, డాబా మీద పడేసిన పెయింట్ డబ్బాలు చూడాలి. లార్వా నీటి పైతట్టుకు ఏటవాలుగా తలకిందులుగా వేలాడితే ఏడిస్ లేదా క్యూలెక్స్, పైతట్టుకు సమాంతరంగా పడుకుంటే మలేరియాను మోసే అనాఫిలిస్. ఏడిస్ లార్వా గాలి పీల్చే గొట్టం క్యూలెక్స్ దానికంటే పొట్టిగా, లావుగా ఉంటుంది.

చాలాచోట్ల తప్పు జరిగేది ఇక్కడే. డ్రమ్మును కదిలించినా, నీడ పడినా లార్వాలు అడుక్కి పోతాయి. ఏమీ లేవని రాసేస్తారు. రెండు నిమిషాలు కదలకుండా నిలబడి, టార్చి పక్కనుంచి వెయ్యాలి. ఖాళీ పాత్రలను లెక్కలో కలపకూడదు, నీళ్లున్నవే లెక్క. తాళం వేసిన ఇంటి బదులు పక్కింటికి పోకూడదు, మళ్లీ రావాలి. రోజంతా ఇంట్లో మనిషి ఉండని ఇళ్లలోనే తరచూ నీళ్లు నిలవ ఉంటాయి కాబట్టి వాటిని వదిలేస్తే లెక్క పక్కకు ఒరుగుతుంది.

లార్వా కనిపిస్తే గిన్నెలో తీసి ఇంటావిడకు చూపించండి. నీళ్లు పారబోసే పని ఆవిడే చెయ్యాలి, మీరు చెయ్యొద్దు. గుడ్డు నుంచి దోమ కావడానికి ఈ ఊరి ఎండావానలో వారం పదిరోజులు పడుతుంది. అందుకే వారానికోసారి పారబొయ్యమంటాం. నీళ్లు పారబోస్తే చాలదు, పాత్ర లోపలి అంచులను పీచుతో రుద్దాలి. అంచుకు అతుక్కున్న గుడ్లు ఎండినా నెలలపాటు బతికుండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. ఈ ఒక్క ముక్క చెబితే ఆ గల్లీకి మీరు చేసిన మేలు పెద్దది.

నాలుగో వారం నీళ్లు. నల్లా ఏ రోజు, ఎన్నింటికి వస్తుందో ఆశాను అడిగి ఆ వేళకే వెళ్లండి. చాలా బస్తీలకు రోజు విడిచి రోజు వస్తుంది. నీళ్లు లేని వేళ వెళ్తే సంపు నీళ్లు పరీక్షించి నల్లా నీళ్లని రాసుకుంటారు. పది ఇళ్లలో మూడేసి చోట్ల చూడండి: నల్లా, సంపు, తాగే బిందె. నల్లా ఒకటి రెండు నిమిషాలు వదిలి పట్టి, క్లోరిన్‌ను పట్టిచ్చే డీపీడీ మాత్ర వేసి, వచ్చిన గులాబీ రంగును క్లోరోస్కోప్ అనే రంగుల కొలమానంలో వెంటనే చూడాలి. నల్లా చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. నల్లాలో ఉండి బిందెలో లేకపోతే తప్పు ఎక్కడుందో విద్యార్థులే పట్టుకుంటారు. హెచ్2ఎస్ సీసాలో నీళ్లు పోసి 24 నుంచి 48 గంటలు గది వేడిలో ఉంచితే, నల్లబడినది మలకాలుష్యానికి అనుమానం. అనుమానమే. ‘మీ నీళ్లలో విషం ఉంది’ అని ఏ ఇంట్లోనూ అనకూడదు. కాచి తాగమని చెప్పి, నల్లబడిన సీసాల వివరం మెడికల్ ఆఫీసర్‌కూ జలమండలి సెక్షన్ ఆఫీసుకూ రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఐదో వారం మళ్లీ అవే 50 ఇళ్లు, అదే దోమల ఫారం.

ఆరు, ఏడు: లెక్క తేల్చి అప్పజెప్పడం

మూడు సూచీలు వేయించండి. ఉదాహరణకు 50 ఇళ్లలో 7 ఇళ్లలో లార్వాలుంటే ఇళ్ల సూచీ 14 శాతం. నీళ్లున్న 120 పాత్రల్లో 9 పాత్రల్లో ఉంటే పాత్రల సూచీ 7.5 శాతం. నూరిళ్లకు ఎన్ని పాత్రల్లో ఉన్నాయన్నది బ్రెట్యూ సూచీ, ఇక్కడ 18. మూడో వారం, ఐదో వారం అంకెలు పక్కపక్కన పెట్టండి. తగ్గితే సంతోషమే, కానీ వాన తగ్గినందువల్లా తగ్గి ఉండొచ్చు. ఆ ప్రశ్న విద్యార్థుల నుంచే రావాలి. మధ్యలో ఎవరూ వెళ్లని పక్క గల్లీని కూడా లెక్కేసి ఉంటే బాగుండేదని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట అన్న మనిషిని గుర్తుపెట్టుకోండి, పరిశోధనకు పనికొస్తారు.

పాత్రల రకం వారీగా కూడా లెక్కించండి. 9 పాత్రల్లో 6 డ్రమ్ములే అయితే పరిష్కారం ఫాగింగ్ యంత్రంలో లేదు, డ్రమ్ము మూతల్లో ఉంది. ఎక్సెల్ చాలు. ఆసక్తి ఉన్నవాళ్లకు కోబో టూల్‌బాక్స్ (ఫోన్లో సర్వే ఫారాలకు), క్యూజీఐఎస్ (పటాలకు), ఆర్ (గణాంకాలకు) చూపించండి, అన్నీ ఉచితంగా దొరుకుతాయి.

ఏడో వారం ఫలితాన్ని రెండు చోట్ల చెప్పాలి. బస్తీలో పది నిమిషాలు, తెలుగు, ఉర్దూల్లో, చేత్తో గీసిన గల్లీ పటం మీద, ఎవరి ఇల్లో తెలియకుండా. ఆఫీసులో ఒకే పేజీ: ఏం చూశాం, ఎంత ఉంది, మీరేం చెయ్యగలరు. ఈ వారం దాటేస్తే, మళ్లీ ఎప్పుడూ ఆ గల్లీ మీ పిల్లలకు తలుపు తియ్యదు.

ఎనిమిదో శనివారం: ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు

డైరెక్టర్లను, రిటైరైన అధికారులను పిలవకండి. 25 నుంచి 35 ఏళ్ల లోపు ముగ్గుర్ని పిలవండి: జిల్లా ఆరోగ్య శాఖలో ఒకరు, పరిశోధన సంస్థలో ఒకరు, స్వచ్ఛంద సంస్థలో ఒకరు. గత నెలలో ఏ రోజు ఏం చేశారో చెప్పమనండి. జీతం ఎంతో, ఒప్పందం ఎన్నాళ్లో కూడా దాచకుండా చెప్పాలని ముందే మాట తీసుకోండి. ఈ రంగంలో మొదటి పోస్టుల్లో ఎక్కువ కాంట్రాక్టువే, ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగం ముగుస్తుంది. ఈ నిజం మీరు దాస్తే ఏడాది తర్వాత వాళ్లే తెలుసుకుని, వెళ్లిపోతూ పది మందిని వెనక్కి లాగుతారు.

రెండో వారం కాగితాలు తిరిగిచ్చి, ఎవరి చదువుకు ఏ దారి ఉందో విడివిడిగా మాట్లాడండి. జువాలజీ వాళ్లకు పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సంస్థ వీసీఆర్‌సీలో పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ ఎమ్మెస్సీ, అంటే దోమల్లాంటి రోగవాహక కీటకాల చదువు. పోషకాహారం వాళ్లకు తార్నాకలోనే అప్లైడ్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీ. ఏ డిగ్రీ నుంచైనా ఎం.పి.హెచ్. (ప్రజారోగ్యంలో మాస్టర్స్) వైపు వెళ్లాలనుకుంటే నగరంలో 2008లో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. బయట చెన్నైలో ఎన్.ఐ.ఈ. (జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ), తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థ. ఒక్కో చోట అర్హతలు ఒక్కోలా ఉంటాయి, ఆ ఏటి ప్రకటన చదవాలి. ఎం.బి.బి.ఎస్. వాళ్లకు కమ్యూనిటీ మెడిసిన్ ఎండీ, ఆ పైన ఎన్.సి.డి.సి. (జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం) 2012లో మొదలుపెట్టిన రెండేళ్ల ఎపిడెమిక్ ఇంటెలిజెన్స్ శిక్షణ. ఇంకా చదువుతుండగానే ఐసీఎంఆర్ రెండు నెలల స్టూడెంట్‌షిప్‌కు దరఖాస్తు పెట్టొచ్చు. లా చదివేవాళ్లకు పొగాకు నియంత్రణ, ఆహార భద్రత చట్టాలు. వెటర్నరీ వాళ్లకు రేబిస్, బ్రూసెల్లోసిస్ లాంటి జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు. స్టాటిస్టిక్స్ వాళ్లను మాత్రం వదలకండి, ప్రతి సంస్థలోనూ కొరత వాళ్లకే.

ఎం.పి.హెచ్. ఫీజు కట్టేముందు అడగాల్సినవి: ఫీల్డులో ఎన్ని నెలలు? థీసిస్‌కు సొంతంగా సమాచారం సేకరిస్తారా, పాత డేటా మీదే రాస్తారా? పోయిన రెండు బ్యాచుల వాళ్లు ఇప్పుడెక్కడున్నారు, ఇద్దరితో మాట్లాడించగలరా? మూడో ప్రశ్నకు నసిగే చోట చేరొద్దని చెప్పండి. అప్పు చేసి చేరేవాళ్లకు మా సలహా ఒకటే: ముందు ఒక ఏడాది ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గానో డేటా అసిస్టెంట్‌గానో పనిచేసి చూడాలి. క్లాసులో పాఠం అర్థమయ్యే తీరే మారిపోతుంది.

తల్లిదండ్రులు వస్తే ఇంకా మంచిది. ‘డాక్టరు సీటు రాని వాళ్లు చదివేది’ అన్న మాట ఇంట్లో వినపడుతుంది. వాదించే బదులు ఆ 50 ఇళ్ల పటం చూపించండి, వాళ్ల పిల్ల వేసిన లెక్క ఏదో చెప్పండి.

ఉద్యోగాల్లో ఉన్న కుర్రవాళ్లు

మాదాపూర్, గచ్చిబౌలిల్లో సాఫ్ట్‌వేర్, అనలిటిక్స్ చేసేవాళ్లలో ఈ వైపు రావాలనుకునేవాళ్లు తక్కువేం లేరు. వాళ్లకు వారానికి మూడు గంటల పని, మూడు నెలల గడువుతో ఇవ్వండి. వాళ్లు రాగానే యాప్ కడతామంటారు. ఒప్పుకోకండి. ఏ.ఎన్.ఎం.లు, అంటే బస్తీ ఆరోగ్య కేంద్రాల నర్సులు, ఇప్పటికే రకరకాల పోర్టళ్లలో అదే సమాచారం పదేపదే నింపుతున్నారు, ఇంకొకటి వాళ్ల మెడకు తగిలించొద్దు. ఒక రోజు సెలవు పెట్టి ఏ.ఎన్.ఎం. పక్కన కూర్చుని ఆవిడ రాసే రిజిస్టర్లు చూడమనండి. ఆ తర్వాత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే సమాచారం మీద కూర్చోబెట్టండి. 2019-21 సర్వేలో తెలంగాణలో ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశం మొత్తానికి 21.5 శాతం. ఏ జిల్లాల్లో, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనా ప్రైవేటులోనా, చదువును బట్టి ఎలా మారుతోంది అని తవ్వుకుంటూ పోతే మూడు నెలలు చాలవు. పేర్లున్న రోగుల జాబితాలు మాత్రం ఎవరి లాప్‌టాప్‌లోకీ ఎక్కించొద్దు.

రవాణా, లాజిస్టిక్స్ అనుభవం ఉన్నవాళ్లకు 108 అంబులెన్సుల గురించి చెప్పండి. 2005 ఆగస్టులో హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవలో బండి ఎక్కడ నిలబెట్టాలన్నది పూర్తిగా వాళ్లకు తెలిసిన లెక్కే.

ఆ తర్వాత ఆరు నెలలు

ఎక్కువ కార్యక్రమాలు గ్రూప్ ఫొటోతో ఆగిపోతాయి. ఇరవై మందిలో ఐదారుగురికి నిజమైన ఆసక్తి ఉంటుంది, వాళ్ల మీదే సమయం పెట్టండి. ఎన్.పి.టి.ఇ.ఎల్. అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో ఎన్.ఐ.ఈ. వాళ్ల హెల్త్ రీసెర్చ్ ఫండమెంటల్స్ కోర్సు ఉచితం, ఐదారుగురూ కలిసి చెయ్యమనండి. నెలకోసారి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో అడగండి. సిఫారసు ఉత్తరంలో ‘కష్టపడే మనస్తత్వం’ అని రాయకుండా, ఏ వారం ఏ లెక్క వేశారో, ఏ తప్పు పట్టుకున్నారో రాయండి.

రెండో బ్యాచ్ నోటీసు మొదటి బ్యాచ్ వాళ్ల చేతే రాయించండి, ఐదు జట్లకూ వాళ్లనే పెద్దలుగా పెట్టండి. వెళ్లాల్సింది మళ్లీ ఆ గల్లీకే. గత ఏడాది ఫారాలు, ఇళ్ల కోడ్ పటం, సంచులు ఒకే పెట్టెలో ఉంచి తాళం వెయ్యండి. డీపీడీ మాత్రలకూ హెచ్2ఎస్ సీసాలకూ గడువు తేదీలుంటాయి. జూన్‌లోనే చూసుకుని కొత్తవి తెప్పించండి.